హాజరు నోటుబుక్కు, మూడు రూపాయల వడ్డీ

పిల్లలకు డబ్బు గురించి చెప్పాలనుకునే వాళ్ళంతా చిల్లర దాచుకునే గల్లగురిగి దగ్గరే మొదలుపెడతారు. రోజుకో రూపాయి వెయ్యి, ఏడాదికి ఇంతవుతుంది, సైకిల్ కొనుక్కో. ప్రభుత్వ బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరైన దాన్ని, పొదుపు మీద నాకేమీ కోపం లేదు. కానీ చందానగర్ అవతల, అపార్టుమెంట్లు లేస్తున్న చోట రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలకు ఆదివారాలు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక గల్లగురిగిని పక్కన పెట్టేశాను.

ఆ షెడ్డుకు తలుపంటే ఇంకో రేకే. తాళం పడదు. పగలంతా పెద్దవాళ్ళు పని మీద ఉంటారు. అందులో చిల్లర గలగలలాడే ముంత పెడితే ఎన్ని రోజులుంటుంది? అది పోకపోయినా, ఎవరికైనా జ్వరమొస్తే ముందు పగిలేది అదే. పైగా ఈ పిల్లలకు పొదుపు చెయ్యడం రాదని మనం అనుకోవడమే విడ్డూరం. చిన్న ప్యాకెట్లు కొంటే నష్టమని బోర్డు మీద లెక్క వేసి చూపడం సులువే. ఒకసారి ఆ లెక్క వేయిస్తుంటే ముందు వరసలో కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్ల లేచి చెప్పింది: "లీటరు నూనె తెస్తే పక్క షెడ్డోళ్ళు గిన్నె పట్టుకొని వస్తరు మేడం. ఇరవై రూపాయలది తెస్తే ఎవ్వరు అడగరు." లెక్క తప్పని ఆ పిల్ల అనలేదు. లెక్కలో పక్క షెడ్డును కలపలేదని చెప్పింది, అంతే. అడిగితే లేదనలేరు, రేపు వీళ్ళకూ అవసరం పడుతుంది కదా.

మా క్లాసులో మూడు వైపుల పిల్లలున్నారు. నారాయణపేట, కోస్గి, మక్తల్ నుంచి వచ్చిన వాళ్ళు మా వైపు వాళ్ళే, నాది జడ్చర్ల. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా పాలమూరు లేబర్ ఉండేవాళ్ళని చిన్నప్పటి నుంచి విన్నాను. ఇప్పుడు డ్యాములు తగ్గాయి, టవర్లు పెరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు కొందరు. వాళ్ళు నన్ను 'మేడంగారూ' అంటారు, పాలమూరు పిల్లలు వట్టి 'మేడం'. ఒడిశాలోని బలాంగీర్, నువాపడ వైపు నుంచి వచ్చిన పిల్లలు నాతో హిందీలో మాట్లాడతారు, వాళ్ళలో వాళ్ళు ఒడియాలో. అంకెలు మాత్రం అందరివీ ఒకటే. అందుకే లెక్కల క్లాసు సాగినంత బాగా తెలుగు క్లాసు సాగదు.

వీళ్ళ ఇళ్ళలో డబ్బు నెల జీతంలా రాదు. బయటి వాళ్ళకు ముందు అర్థం కావలసింది ఇదే. దసరా తర్వాతో దీపావళి తర్వాతో గుంపు మేస్త్రి, అంటే కూలీలను పనికి తీసుకొచ్చేవాడు, ఊళ్ళో అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పాత అప్పుకో పెళ్ళికో అక్కడే అయిపోతుంది. ఇక్కడికొచ్చాక వారానికోసారి ఖర్చీ ఇస్తాడు, బియ్యానికీ కూరగాయలకూ. చేసిన హాజర్లన్నీ, అంటే పని చేసిన రోజులన్నీ, మేస్త్రి పుస్తకంలో పడుతుంటాయి. సీజను చివర హిసాబ్: ఇన్ని హాజర్లు, ఇంత రేటు, అందులోంచి అడ్వాన్సు పోను, ఖర్చీ పోను, మిగిలింది ఇది. పుస్తకం ఒకటే, అదీ మేస్త్రి దగ్గరే. ఆర్నెల్ల కింద మంగళవారం వాన పడి సగం పూటే పని జరిగిందా, పూర్తిగా జరిగిందా అన్నది ఎవరికి గుర్తుంటుంది? మేస్త్రులందరూ మోసగాళ్ళని నేననడం లేదు. చాలామంది ఆ ఊరి వాళ్ళే, చుట్టాలే, బిల్డరు నుంచి డబ్బు రాక వాళ్ళూ అవస్థ పడేవాళ్ళే. కానీ ఒకే పుస్తకం ఉన్నప్పుడు అందులో రాసిందే నిజమవుతుంది. బ్యాంకులో క్యాష్ ఇద్దరు లెక్కపెట్టేది ఎదుటివాడు దొంగని కాదు.

అందుకని మా డబ్బు పాఠం వంద పేజీల రూళ్ళ నోటుబుక్కుతో మొదలవుతుంది. ఐదు గీతలు: తేదీ, నాయిన, అమ్మ, ఓటీ (అదనపు పని), ఖర్చీ. రాత్రి అన్నాలయ్యాక పిల్లలు అడిగి రాయాలి. పూర్తి రోజైతే ఒకటి, సగమైతే అర, స్లాబు పడ్డ రోజు రాత్రి పొద్దుపోయేదాకా చేస్తే ఒకటిన్నర. బడిలో భిన్నాలంటే బిక్కమొహం వేసే పిల్లలు ఇరవై నాలుగున్నర హాజర్లను తొమ్మిది వందలతో నోటితోనే గుణిస్తారు. ఎందుకంటే ఆ అర వాళ్ళ నాయినది.

ఒక నెల లెక్క ఇలా ఉంటుంది. నాయినవి 24½ హాజర్లు, 900 చొప్పున 22,050. అమ్మవి 22, ఆరు వందల చొప్పున 13,200. మొత్తం 35,250. నాలుగు వారాల ఖర్చీ 2,500 చొప్పున 10,000 పోతే 25,250. అడ్వాన్సు 40,000 తీసుకున్నారనుకుంటే ఇంకా 14,750 పని చేసి తీర్చాలి. ఈ ఆఖరి అంకె చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళకే తెలియదు. 'ఇంకా ఉంది' అని మాత్రం తెలుసు. అది అంకెగా నోటుబుక్కులో కనబడితే కొంతమంది తల్లుల మొహంలో టెన్షన్ తగ్గడం చూశాను, కొంతమందికి పెరగడమూ చూశాను.

ఈ లెక్క దగ్గరే ఏడో తరగతి పిల్ల ఒకతి అడిగింది, అమ్మకు ఎందుకు తక్కువని. "అమ్మ గూడ ఏడింటికే పోతది గదా." నాయిన తాపీ పని చేస్తాడు, అది నేర్చిన పని, రేటు ఎక్కువే ఉంటుందన్నాను. "మరి ఇటుకలు మోసే మామకు ఏడొందల యాభై ఇస్తరు, అమ్మ గూడ ఇటుకలే మోస్తది." దీనికి జవాబు లేదు. ఒకే రకం పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం చేశారని చెప్పాను. "మేస్త్రికి తెల్వదా?" అంది. వెనక ఎవరో నవ్వారు. 22 రోజులకు రోజుకు 150 చొప్పున ఎంత తేడా వస్తుందో లెక్క కట్టమన్నాను. 3,300. ఆ పిల్ల అప్పటి నుంచి నోటుబుక్కులో అది కూడా రాస్తోంది, నేను చెప్పకుండానే. ఆ గీతకు పేరేమీ పెట్టలేదు.

నోటుబుక్కుతో ఇంకో లాభం కూడా ఉంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవాలంటే 18 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసుండాలి, గడచిన ఏడాదిలో కనీసం 90 రోజులు ఈ పని చేసి ఉండాలి. 1996 నాటి చట్టంలో పెట్టిన నియమం అది. నోటుబుక్కు దానికి రుజువు కాదు, వేరే కాగితాలు కావాలి. కానీ తొంభై దాటామో లేదో ముందు ఇంట్లో తెలిస్తేనే కదా, కాగితం కోసం ఎవరినైనా అడిగేది.

హాజర్ల తర్వాత వడ్డీ. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే. 'మూడు రూపాయల వడ్డీ' అన్న మాట ఈ పిల్లలు పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. మూడు రూపాయలంటే ఒక చాక్లెట్టు కూడా రాదు, అంత తక్కువకే అప్పిచ్చినాయన మంచోడు అనుకుంటారు. నూటికి నెలకు మూడు అని విడమర్చి, ఇరవై వేలకు కట్టిస్తే నెలకు 600, ఏడాదికి 7,200. అసలు ఇరవై వేలు అట్లాగే ఉంటుంది. బడి పుస్తకంలో దీన్నే 36 శాతం అంటారు. పుస్తకంలో వడ్డీ ఏడాదికి, షెడ్డులో వడ్డీ నెలకు. ఈ రెంటికీ మధ్య నిచ్చెన పన్నెండు. రూపాయి వడ్డీ అంటే 12 శాతం, రెండు రూపాయలంటే 24. బ్యాంకు గోడ మీద 9 శాతం అని ఉంటే అది ముప్పావలా వడ్డీ. పావలా అంటే 3 శాతం. 2004లో వచ్చిన పావలా వడ్డీ పథకం పేరు వీళ్ళ అమ్మమ్మలకు బాగా తెలుసు, మహిళా సంఘాల అప్పులకు పెట్టింది.

సేవింగ్స్ ఖాతాలో వేస్తే బ్యాంకు మనకిచ్చేది ఎంత అని అడిగాడు కోస్గి పిల్లాడు. సుమారు పావలా అన్నాను. కాసేపు బోర్డు వంక చూసి, "మనం ఇస్తే పావలా, మనం తీస్కుంటే మూడు రూపాయలా?" అన్నాడు. అదే సంగతి. ఇంట్లో మూడు రూపాయల అప్పు ఉన్నవాడికి వెయ్యి రూపాయలు గల్లగురిగిలో దాచుకోమనడమంటే, నెలకు ముప్పై రూపాయలు పారేసుకోమనడం. ముందు ఆ వెయ్యి అప్పులో కట్టాలి. లేదా ఆస్పత్రి ఖర్చుకని కొంత ఉంచుకుని మిగతాది కట్టాలి. పొదుపు చేయండి అని చెప్పే బొమ్మల పుస్తకాల్లో ఈ మాట ఎక్కడా కనబడదు నాకు. అవి అప్పులేని ఇళ్ళ పిల్లల కోసం రాసినవి.

బంగారం ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. కుదువ షాపులో రెండు మూడు రూపాయలకు పెట్టే పుస్తెల గుండ్లనే బ్యాంకులో పెడితే సాధారణంగా రూపాయి లోపే పడుతుంది. ఈ సంగతి పిల్లలు ఇంటికి మోసుకెళ్ళారు. ఆ తర్వాత ఇద్దరు తల్లులు వచ్చి నన్ను అడిగి వివరం కనుక్కున్నారు. వాళ్ళు మార్చుకున్నారా లేదా అన్నది నేను అడగలేదు.

గిరిగిరి, అంటే రోజూ కొంత కట్టి తీర్చే అప్పు, దాని లెక్క ఇంకా కష్టం. పది వేలని పేరు, చేతికిచ్చేది తొమ్మిది వేలు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం అప్పిచ్చినవాడు బండి మీద వచ్చి వసూలు చేసుకుంటాడు, చిన్న కార్డు మీద టిక్కు పెడతాడు. వెయ్యేగా వడ్డీ, పదికి ఒకటి, పర్లేదు అంటారు అందరూ. పిల్లల చేత గళ్ళ కాగితం మీద వంద గళ్ళు గీయించాను. రోజుకో గడి రంగు వెయ్యాలి. యాభయ్యో గడి దగ్గర ఆగి అడిగాను: ఇప్పటికి ఎంత కట్టారు? ఐదు వేలు. అయితే ఆయన డబ్బు మీ దగ్గర ఇంకా ఎంతుంది? తొమ్మిదిలో ఐదు పోతే నాలుగు వేలు. వడ్డీ మాత్రం తొమ్మిది వేలకు, వంద రోజులకూ కలిపి మొదటి రోజే పట్టుకున్నాడు. ఏడాది లెక్కకు మారిస్తే 70 శాతం దాటుతుంది. ఆ చివరి గుణకారం పిల్లలకు రాదు, రానవసరం లేదు. గళ్ళ కాగితం చూశాక వాళ్ళకు విషయం అందింది.

మరి ఎందుకు తీసుకుంటారంటే, కాగితాలు అడగడు, ఇంటికి వస్తాడు, రేపు అంటే రేపు ఇస్తాడు. ఊళ్ళో ఉన్నప్పుడు వీళ్ళ అమ్మలకు సంఘం ఉంది. మీటింగు, పుస్తకం, తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో అప్పు. వలస వచ్చాక మీటింగులకు వెళ్ళలేరు, వాయిదాలు తప్పుతాయి, మెల్లగా పేరు పోతుంది. సంఘం ఊళ్ళో ఉంటుంది, అవసరం ఇక్కడ పడుతుంది. పిల్లలకు నేనెంత వడ్డీ లెక్క నేర్పినా ఈ ఖాళీని పూడ్చలేను.

ఇక బ్యాంకు ఖాతా. పదేళ్ళు నిండిన పిల్లలు తమ పేరుతోనే సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. 2025 ఏప్రిల్‌లో ఆ నియమాలన్నీ కలిపి మళ్ళీ సర్క్యులర్ ఇచ్చింది. ఎంత డబ్బు వరకు అన్న పరిమితి ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు పెట్టుకోవచ్చు. తల్లి గార్డియన్‌గా ఉండి కూడా తెరవచ్చు, నాయిన వేరే సైటులో ఉన్నాడని ఆగనక్కర్లేదు. రూలు ఇంత బాగుంది. దగ్గర్లోని బ్రాంచికి పిల్లలను తీసుకెళ్తే కౌంటర్లో అమ్మాయి ముందు మా చెప్పులు చూసింది, తర్వాత "లోకల్ అడ్రస్ ప్రూఫ్ లేకపోతే కుదరదండీ" అంది. ఆధార్ మీద ఊరి చిరునామా ఉండి, ఇప్పుడు వేరే చోట ఉంటుంటే, ఇప్పుడున్న చోటు మనమే రాసి సంతకం పెట్టి ఇవ్వచ్చు. ఆ వెసులుబాటు కేవైసీ నిబంధనల్లోనే, అంటే ఖాతాదారు ఎవరో తేల్చుకునే నిబంధనల్లోనే ఉంది. అది చెప్పడానికి మేనేజరు గది దాకా వెళ్ళాల్సి వచ్చింది. నేను పాత ఉద్యోగిని కాబట్టి కూర్చోమన్నారు. వాళ్ళ అమ్మ ఒక్కతే వెళ్ళుంటే? అందుకే ఇప్పుడు క్లాసులో ఆ సంభాషణ కూడా ప్రాక్టీసు చేయిస్తున్నాం. ఒకరు క్లర్కు, ఒకరు తల్లి. క్లర్కు వేషానికి పిల్లలు పోటీ పడతారు, విసుక్కోవచ్చని.

పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు, నెలకు వంద రూపాయలతో మొదలవుతుంది, సీజను సీజనుకు ఊరు మారని కుటుంబాలకు అది బాగుంటుంది. సుకన్య సమృద్ధి మంచి పథకమే, పదేళ్ళ లోపు ఆడపిల్లలకు, ఏడాదికి కనీసం 250 కడితే చాలు. కానీ అందులో పడిన డబ్బు పిల్ల పద్దెనిమిదేళ్ళకో పదో తరగతి అయ్యాకో చదువుకు కొంత తప్ప గడువు తీరేలోపు మామూలుగా చేతికి రాదు. మూడు రూపాయల అప్పు మీద ఉన్న ఇంటికి అది నేను మొదట చెప్పను. ఖాతా తెరిచాక ఇంకో గండం: రెండేళ్ళు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది, మళ్ళీ లేపాలంటే కేవైసీ కాగితాలు ఇవ్వాలి. ఈ కుటుంబాలు రెండేళ్ళలో మూడు ఊళ్ళు మారతాయి. కనీసం పండక్కి ఊరెళ్ళినప్పుడైనా యాభై రూపాయలు వేసి రమ్మని చెబుతున్నాను.

ఫోను సంగతి పిల్లలే నాకంటే బాగా చెబుతారు. వాళ్ళకు ఓపిగ్గా చెప్పాల్సింది రెండే. డబ్బు మనకు రావడానికి పిన్ను ఎప్పుడూ కొట్టక్కర్లేదు, ఎవరైనా కొట్టమంటే అది మన డబ్బు పోవడానికే. రెండోది మినీ బ్యాంకు దగ్గర. వేలిముద్ర వేసి డబ్బు తీసుకునేటప్పుడు "సర్వర్ పని చేస్తలేదు, మళ్ళ పెట్టు" అంటే, మళ్ళీ వేలు పెట్టే ముందు మెసేజ్ వచ్చిందేమో చూడాలి, స్లిప్పు అడగాలి. చదువు రాని తల్లి పక్కన మెసేజ్ చదవగలిగే పదేళ్ళ పిల్ల నిలబడి ఉంటే చాలు, సర్వరు చాలాసార్లు పని చేస్తుంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని నంబరు నోటుబుక్కు అట్ట లోపల రాయించాం. పందెం ఆటలు ఫోన్లో పెట్టి ఆడితే డబ్బొస్తుందని ఓ అన్న చెప్పాడని ఒకడు అన్నాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసిందని చెప్పాను. వాడికి చట్టం కంటే, ఆ అన్న ఎంత పోగొట్టుకున్నాడో పక్కవాడు చెప్పింది బాగా పనిచేసింది.

అన్నీ సాఫీగా సాగాయని కాదు. ఇంటి లెక్క పిల్లల చేతికి వెళ్తే ఇంట్లో తూకం మారుతుంది. ఖర్చీ రెండున్నర వేలు వచ్చిందని రాసుకున్న పిల్లాడు, అమ్మ చేతికి పద్దెనిమిది వందలే ఇవ్వడం కూడా చూస్తాడు. మిగతాది ఎటు పోయిందో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఒక తండ్రి నోటుబుక్కు పట్టుకుని నేరుగా క్లాసుకే వచ్చాడు. "నా లెక్క నా కొడుకు అడుగుతడా? మీరు నేర్పేది ఇదేనా?" గట్టిగానే అడిగాడు. ఆయన కోపం నాకు అర్థమైంది. పొద్దంతా మేస్త్రికి లెక్క చెప్పి వచ్చినవాడు రాత్రి కొడుక్కి కూడా చెప్పాలా? వచ్చిన ఖర్చీ రాస్తారు, అది ఎట్లా ఖర్చయిందో రాయరు, మేస్త్రితో హిసాబ్ కోసమే ఈ పుస్తకం అని చెప్పాను. విన్నాడు. పుస్తకం తిరిగి ఇవ్వలేదు. ఆ పిల్లాడు ఇప్పుడు క్లాసుకు రావడం లేదు, చెల్లెలు వస్తోంది.

మీరెవరైనా మీ పక్కనున్న సైటులో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే, ముందు తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి నోటుబుక్కులో ఏముంటుందో చూపించండి, పిల్లలకు ఇచ్చేది ఆ తర్వాతే. ఆదివారం సాయంత్రం క్లాసు పెట్టకండి, అది ఖర్చీ ఇచ్చే వేళ, అంగడికి వెళ్ళే వేళ, ఎవరూ రారు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర బాగుంటుంది. ఒడిశా పిల్లలుంటే హిందీ అంకెలు పలకడం మీరే నేర్చుకోండి. పెన్సిలు కాదు, పెన్ను ఇవ్వండి, హాజరు చెరపడానికి వీల్లేకుండా.